మూడు వందల పద్దెనిమిదో దీపం

దీపాల గదిలో నాగన్నకు ఇరవై రెండేళ్లు గడిచాయి. బంగారు గనిలోకి దిగేవాడు ఎవడైనా ముందు అతని కిటికీ దగ్గరికి రావాల్సిందే. ఇత్తడి బిళ్ళ ఇచ్చి, టోపీకి తగిలించుకునే దీపం తీసుకోవాలి. నాగన్న బిళ్ళ మీది నంబరు కంప్యూటరులో కొట్టి, దిగాడని ఒక మీట నొక్కుతాడు. మనిషి పైకి వచ్చాక దీపం తీసుకుని బిళ్ళ తిరిగిచ్చి, వచ్చాడని ఇంకో మీట. నల్లటి తెర, పచ్చటి అక్షరాలు. బొమ్మలేమీ లేవు, అంతా మీటలతోనే పని.

ఆ పాత ప్రోగ్రాముకు కొత్త సదుపాయం ఒకటి చేర్చడానికి రాయచూరు నుంచి గీతాంజలి అనే పిల్ల వచ్చింది. షిఫ్టు ముగిసి అరగంటైనా ఎవడైనా పైకి రాకపోతే తెర మీద ఎర్రగీత పడి మోత మోగాలి. ఇన్నాళ్లూ ఆ పని నాగన్న కళ్లదే. దీపం తిరిగి చేరని ఖాళీ కొక్కెం కనిపిస్తే అరిచేవాడు.

గీతాంజలి పక్కబల్ల మీద ఇంకో కంప్యూటరు పెట్టింది.

"అది నిజంగ మోగుతదో లేదో పరీక్ష పెట్టాలె కాకా. మనిషి కూసోని కొడితే నెల పడ్తది. నేను రాసిన ప్రోగ్రాము మనిషి లెక్కనే మీటలు కొడ్తది. పాతదానికి ఫరక్ తెల్వది, నువ్వే కొడ్తున్నవనుకుంటది."

"అంటే నా వేళ్లకు రిటైర్మెంటు."

"గట్ల కాదు కాకా! అది నడిచేటప్పుడు మాత్రం నువ్వు మీట ముట్టొద్దు. అది కొట్టిందీ నువ్వు కొట్టిందీ ఒక్కకాడికే పోతయ్. ఇప్పుడు ఎవరిదీ కాని నంబరు ఒకటి చెప్పు."

"మూడు వందల పద్దెనిమిది," అన్నాడు నాగన్న. అనేశాక గానీ తను ఏమన్నదీ తనకే తెలియలేదు.

అది అమరప్ప నంబరు. మస్కి ఊరి మనిషి. మాట కన్నడంలో మొదలుపెట్టి తెలుగులో ముగించేవాడు. పదిహేడేళ్లు పొద్దున్నే కిటికీలో తల పెట్టి, "జల్ది ఇయ్యి మారాయా, నీ మొకం చూస్తుంటే ఆ సొరంగమే నయమనిపిస్తది" అనేవాడు.

పోయిన శ్రావణంలో ఒకనాడు పైకి వచ్చి ఏమీ అనలేదు. దీపం గట్టు మీద పెట్టాడు. వెనక వరస ఉంది. నాగన్న నంబరు చూసి, మీట నొక్కి, బిళ్ళ ముందుకు తోశాడు. తల ఎత్తలేదు. ఇంటికి పోయిన అమరప్ప కాళ్లు కడుక్కుంటూనే ఒరిగిపోయాడు. గుండె. "గంట ముందు నుంచే చెమటలు పట్టి ఉంటాయి. ఎవరూ చూడలేదా?" అని అడిగాడట డాక్టరు. ఆ మాట తన చెవిన పడ్డ సంగతి నాగన్న ఇంట్లో కూడా చెప్పలేదు.

పరీక్ష మొదలైంది. బల్ల మీద మీటలు కదలవు. తెర మీద మాత్రం అక్షరాలు పడుతుంటాయి. 318 దిగాడు. 318 వచ్చాడు. మళ్లీ దిగాడు. మళ్లీ వచ్చాడు. నాగన్న తీరిక దొరికినప్పుడల్లా కుర్చీ అటు జరుపుకునేవాడు. మరునాడు షిఫ్టుకు గంట ముందే వచ్చి కూర్చున్నాడు. అమరప్ప ఎన్ని వందల సార్లు దిగాడో, అన్నిసార్లూ పైకి వచ్చాడు. పక్కన టీ మీద మీగడ కట్టింది.

మూడో రోజు గీతాంజలి అంది, "ఇయ్యాల ఈయన దిగుతడు, పైకి రాడు. ఎనిమిది గంటలను ఎనిమిది నిమిషాలు చేసిన. అయినంక మోగాలె." చెప్పి ఆఫీసు గదికి పోయింది.

ఏడో నిమిషంలో నాగన్న వేలు మీట మీద పడింది. 318 వచ్చాడు. మోత లేదు.

ఆ రోజు మూడుసార్లు అట్లాగే అయింది. మరునాడూ అంతే. పిల్ల ముఖం చిన్నబోయింది.

"శనివారం లోపల మోగకుంటే దీన్ని ఎక్కించరు కాకా. ఆరు వందల మంది నీ కండ్లనే నమ్ముకొని దిగాలె."

నాగన్న తల వంచుకున్నాడు. తన కళ్లు ఎంతమాత్రమో తనకు తెలుసు.

శుక్రవారం గీతాంజలి ఒక కాగితం తెచ్చింది. ఏ మీట ఏ క్షణాన పడిందో అందులో వరసగా ఉంది.

"ఈ ఒక్క మీట నేను పంపింది కాదు. ఎవరన్న వచ్చి ముట్టిండ్రా?"

"నేనే ముట్టిన."

"నువ్వా? ఎందుకు కాకా?"

నాగన్న కాగితంలో 318 మీద వేలు పెట్టాడు. "ఆ నంబరు మావోనిది. వాడు పైకి రాని రోజు లేదు బిడ్డా. పోయిన రోజు గూడ వచ్చిండు. గీడనే నిలవడ్డడు. నేను నంబరు చూసిన, మొకం చూడలే."

గీతాంజలి కాగితం మడిచింది. "నంబరు మారుస్త కాకా. తొమ్మిది వందల తొంభై తొమ్మిది పెడ్త. అది ఎప్పుడూ ఎవరికీ లేదు."

"వద్దు. ఎవరూ కానోని కోసం మోగితే అది మోగినట్టా? వాన్నే ఉండనీ."

మళ్లీ నడిపింది. 318 దిగాడు. నాగన్న రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాడు. ఐదు నిమిషాలు. ఆరు. ఏడో నిమిషంలో భుజం ఒకసారి అదిరింది. చెయ్యి మాత్రం పైకి రాలేదు.

ఎర్రగీత పడింది. 318 పైకి రాలేదు. మోత మోగింది.

ఆపబోయి గీతాంజలి ఆగింది. నాగన్న లేచి దీపాల వరస దగ్గరికి పోతున్నాడు. మనిషి రాకపోతే ముందు కొక్కెం చూడాలని గదిలో కట్టడి. మూడు వందల పద్దెనిమిదో దీపం దాని కొక్కేనికే ఉంది. అద్దం మీద దుమ్ము. భుజం మీది తువ్వాలుతో తుడిచాడు. ఇంకా తుడుస్తూనే నిలబడ్డాడు.

"ఇగ ఆపమ్మా," అన్నాడు చివరికి.

కాసేపటికి పొద్దుటి షిఫ్టు పైకి వచ్చింది. ముందు ఓబయ్య దీపం పెట్టాడు. నాగన్న అతని ముఖం చూశాడు. తర్వాత నంబరు. తర్వాత మీట. రెండోవాడికీ అంతే, మూడోవాడికీ అంతే. వరస పెరిగి వాకిలి దాటింది.

"ఏంది నాగన్నా, పెండ్లిచూపులా?" వెనక నుంచి ఎవరో అరిచారు. "పిల్ల నచ్చకుంటే నచ్చలేదని చెప్పు, ఇంటికన్న పోతం!"

వరసంతా నవ్వింది. నాగన్న నవ్వలేదు, కోపమూ తెచ్చుకోలేదు.

"టోపీ తియ్యి," అన్నాడు ఎదుటివాడితో. "మొకం కనబడ్తలేదు."