పెట్టెలో మోగిన ఫోను

కుట్టు కార్ఖానాలో సూపర్‌వైజరమ్మకి, ఆవిడ మాటే తీర్పని పనివాళ్ళు పెట్టుకున్న పేరు కోర్టమ్మ. ఆవిడ ఎదుట ఎవరూ అనరు, అలాగని ఆవిడకి తెలియనిదీ కాదు. పొద్దున రాగానే అందరి ఫోన్లూ నోరు మూసుకుని గుమ్మం పక్కనున్న రేకు పెట్టెలో పడాలి. భోజనాల గంట కొట్టేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. కోర్టమ్మ తన ఫోను కూడా అందులోనే వేసేది.

ఆ రూలు ఊరికే పుట్టలేదు. కాలర్లు కుట్టే పిల్ల ఓ రోజు ఒళ్ళో ఫోను పెట్టుకుని వీడియో చూస్తూ వేలు సూది కింద పెట్టేసింది. ఆ పిల్ల కేకకి కోర్టమ్మ గుండె ఝల్లుమంది. మర్నాడే పెట్టె వచ్చింది. మంచికే పెట్టిందని ఎవరనుకుంటారు? వెనకాల ఆవిణ్ణి ఉతికి ఆరేశారు.

ఇవాళ కోర్టమ్మ కూతురు పురుటి నొప్పులతో ఆసుపత్రిలో ఉంది, ఆ సంగతి కార్ఖానాలో అందరికీ తెలుసు. బిడ్డ గుండె సరిగ్గా కొట్టుకోవడం లేదని, తల్లికీ గండమేనని డాక్టరు రాత్రే చెప్పారు. సరుకు పంపాల్సిన రోజు కావడంతో సెలవు దొరకలేదు. అల్లుడికి ఒకటే మాట చెప్పి వచ్చింది.

"అంతా బాగుంటే నువ్వు ఫోను చెయ్యకు, భోజనాల వేళకి నేనే చేస్తాను నాయనా. ఏదైనా అయితేనే ముందు చెయ్యి."

పేరుకి పని చూస్తోంది గానీ ప్రాణమంతా ఆసుపత్రిలోనే ఉంది. జేబు వంకరగా కుట్టిన చొక్కాని బాగుందని పక్కన పెట్టేసింది. మామూలు రోజైతే ఆ జేబు కుట్టినవాళ్ళకి మూడినట్టే.

ఇంకా భోజనాల గంట కొట్టలేదు. పెట్టెలో ఫోను గట్టిగా మోగింది. ఒక్కొక్క మిషనే ఆగిపోయింది. అందరి ఫోన్ల నోళ్ళూ మూయించిన మనిషి, ఇవాళ తన ఫోను నోరు మాత్రం మూయలేదు.

"మీదే మేడమ్" అంది కాలర్ల పిల్ల.

"గంట కొట్టలేదుగా. పని చూసుకోండి."

"ఆసుపత్రి నుంచేమో మేడమ్!"

"రూలు అందరికీ ఒకటే."

రూలూ లేదు, గీలూ లేదు. ఆవిడకి భయం. ఆ ఫోను ఎత్తనంతసేపూ కూతురు క్షేమంగా ఉన్నట్టే. అది ఆగింది. ఆగి, మళ్ళీ మొదలెట్టింది. కోర్టమ్మ బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

కాలర్ల పిల్ల లేచింది. పెట్టె మూత తీసి ఫోను అందుకుంది.

"ఎత్తకపోతే మాత్రం జరిగింది జరక్కుండా పోతుందా మేడమ్? నేను పట్టుకుంటాను, మీరు వినండి" అంటూ స్పీకర్ నొక్కింది.

"అత్తయ్యా!" అల్లుడి గొంతు. వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు.

కోర్టమ్మ అక్కడే బట్టల మూట మీద కూలబడింది.

"అత్తయ్యా, ఆడపిల్ల! ఆపరేషన్ కూడా అక్కర్లేకపోయింది. తల్లీబిడ్డా ఇద్దరూ క్షేమం!"

ఆవిడ నోట ముందు వచ్చింది తిట్టే.

"మరి ముందు చెయ్యొద్దన్నానా లేదా! పై ప్రాణాలు పైనే పోయాయి కదయ్యా!"

"మర్చిపోయానత్తయ్యా! పాపని చూడగానే మీకు చెప్పాలనిపించింది, అంతే."

హాలంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. ఇస్త్రీ చేసేవాళ్ళు కూడా పెట్టెలు పక్కన పెట్టి వచ్చేశారు. ఎవరో మంచినీళ్ళు తెచ్చారు, ఇంకెవరో వీపు నిమిరారు. కాలర్ల పిల్ల నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

అంతలో ఫోనులో ఓ నీరసమైన గొంతు వినిపించింది.

"అమ్మా, ఏమైనా తిన్నావా?"

పొద్దుటినుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదని కోర్టమ్మకి అప్పుడే తెలిసింది.

"లేదే తల్లీ" అని, అంతమంది ఎదుటా చిన్నపిల్లలా బావురుమంది.