పద్నాలుగో పేజీ

ఆ పుస్తకం రాసింది నేనే. అట్ట మీద మా విశ్వవిద్యాలయం పేరున్నా లోపల ప్రతి వాక్యమూ నాదే. బయటి దేశాల నుంచి ఒక సెమిస్టరుకో, ఏడాదికో మా దగ్గర చదువుకోవడానికి వచ్చే పిల్లల చేతిలో మొదటిరోజే పెట్టే ముప్పైఎనిమిది పేజీల సమాచార పుస్తకం అది. వచ్చిన రెండు వారాల్లోగా నగర కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి. ఎంత చలిగా ఉన్నా పొద్దునా సాయంత్రమూ ఐదేసి నిమిషాలు కిటికీలు బార్లా తెరవాలి, లేకపోతే గోడలకు బూజు పడుతుంది. ఆదివారాలు ఖాళీ సీసాలు తొట్లో పడేస్తే ఆ చప్పుడుకి చుట్టుపక్కల వాళ్ళు ఊరుకోరు. ఇలాంటివన్నీ పందొమ్మిదేళ్ళ పాటు ఏటా దిద్దుతూ, చేరుస్తూ వచ్చాను. "రోజ్‌విటా పుస్తకంలో లేనిది జర్మనీలోనే లేదు" అని ఆఫీసులో నన్ను ఆటపట్టించేవారు. నాకు లోపల గర్వంగానే ఉండేది.

పద్నాలుగో పేజీ వైద్యం గురించి. ఒక ఏడాది ఎవరో విద్యార్థి తాళంచెవి గదిలోనే మరిచి తలుపు లాగేసుకుని, ఏం చెయ్యాలో తోచక అత్యవసర సాయం నంబరు 112కి ఫోన్ చేశాడు. గంట కొట్టుకుంటూ అగ్నిమాపక బండి వచ్చింది. హాస్టలు వాళ్ళు మా మీద విరుచుకుపడ్డారు. ఆ చిరాకులో రాశాను, లావు అక్షరాల్లో: "112 ప్రాణాపాయం ఉన్నప్పుడు మాత్రమే. అనవసరంగా పిలవడం నేరం." దాని కిందే, "డాక్టరు దగ్గరికి ముందుగా ఫోన్ చేసి, సమయం తీసుకుని వెళ్ళాలి. బీమా కార్డు తప్పనిసరి." సెలవురోజుల్లో చూసే డాక్టర్ల నంబరు కూడా ఇవ్వకపోలేదు. అది ముప్పైఒకటో పేజీలో, ఫోన్ నంబర్ల పట్టికలో, ఈతకొలను వేళల కింద ఉండేది.

రెవాజ్ మార్చి చివర్లో వచ్చాడు. జార్జియా దేశంలోని కుతైసి వాళ్ళది. ఇరవైరెండేళ్ళు. భూగర్భజలాల మీద చదువు. పొడుగ్గా, కొంచెం వంగి నడిచేవాడు, గుమ్మాలన్నీ తనకి తక్కువ ఎత్తులో కట్టారేమో అన్నట్టు. మా పిల్లల్లో సగంమంది ఆ పుస్తకాన్ని కాఫీ కప్పు కింద పెట్టుకుంటారు. ఇతను మాత్రం పెన్సిలుతో గీతలు పెట్టుకుంటూ మొదటినుంచి చివరిదాకా చదివాడు. వారం తిరగకుండానే ఆఫీసుకొచ్చి, ఇక్కడి పద్ధతిలో నన్ను ఇంటిపేరుతో పలకరించాడు.

"హైనెమాన్ గారూ, ఏడో పేజీలో చిన్న అనుమానమండీ."

"చెప్పండి."

"కిటికీ ఐదు నిమిషాలు తెరవమన్నారు. ఆరు నిమిషాలైతే ఏమవుద్దండీ?"

ముఖంలో నవ్వు లేదు. నేనూ నవ్వకుండానే, "పోలీసులొస్తారు" అన్నాను.

"అమ్మో! అయితే అలారం పెట్టుకుంటా" అని అప్పుడు నవ్వాడు. వెళ్తూ వెళ్తూ అక్రోట్లు దారానికి గుచ్చి, ద్రాక్షరసంలో ముంచి ఎండబెట్టిన తీపి దండ ఒకటి నా బల్ల మీద పెట్టాడు. వాళ్ళమ్మ చేసిందట.

ఈస్టర్ ముందు గురువారం. మధ్యాహ్నం రెండింటికి ఆఫీసు మూసేస్తే మళ్ళీ మంగళవారమే. ఆ నాలుగు రోజులూ మా ఊళ్ళో ఆఫీసులూ డాక్టర్ల గదులూ ఏవీ తెరిచి ఉండవు. కోటు తొడుక్కుంటుండగా అతని మెయిల్ వచ్చింది.

"గౌరవనీయులైన హైనెమాన్ గారికి. నిన్నటి నుంచి కడుపులో కుడివైపు నొప్పిగా ఉంది. బీమా కార్డు ఇంకా రాలేదు. కార్డు లేకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళవచ్చా? ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించండి."

నిలబడే జవాబు కొట్టాను. "మీ ప్రశ్నకు సమాధానం సమాచార పుస్తకం పద్నాలుగో పేజీలో ఉంది. ఈస్టర్ శుభాకాంక్షలు." దీపం ఆర్పి వెళ్ళిపోయాను. నాకు పట్టింది అరనిమిషం. కార్డు రాకపోయినా చేరిన రోజు నుంచే అతనికి బీమా ఉంది. ఆ ఒక్క ముక్క రాసి ఉంటే మరో అరనిమిషం పట్టేది.

హాస్టల్లో అతని వరసలో ఉన్న పిల్లలంతా పండక్కి ఇళ్ళకు పోయారు. సోమవారం మధ్యాహ్నం హెన్రికే అనే అమ్మాయి ముందుగా తిరిగొచ్చింది. వంటగదిలో టీ పెట్టుకుంటుంటే గోడ అవతల మూలుగు వినిపించిందట. తలుపు తోసింది. అతను మంచానికీ గోడకీ మధ్య నేల మీద ముడుచుకుని ఉన్నాడు. ఆమె అక్కడే నిలబడి 112కి ఫోన్ చేసింది. ఈ దేశంలో పుట్టి పెరిగిన పిల్ల, ఒక్క క్షణం ఆలోచించలేదు.

"బండి వద్దు, నేను నడవగలను అంటానే ఉన్నాడండీ. స్ట్రెచర్ మీద పెట్టాక కూడా వాళ్ళకి సారీ చెప్తానే ఉన్నాడు" అని తర్వాత నాతో చెప్పింది.

అపెండిక్స్ పగిలి రెండు రోజులైందన్నారు. పగిలిన వెంటనే నొప్పి కాసేపు తగ్గినట్టుంటుందట, ఆలోగా విషం ఒళ్ళంతా పాకింది. బుధవారం నేను ఆసుపత్రికి వెళ్ళాను. ఆపరేషన్ అయ్యాక కాసేపు తెలివిలో ఉన్నాడు. పెదాలు పగిలి, కళ్ళు లోపలికి పోయి, వారంలో ఇరవయ్యేళ్ళు మీద పడ్డట్టున్నాడు.

"పండగపూట మీకు శ్రమ" అన్నాడు.

"అదేం మాట నాయనా." అప్పటిదాకా ఎప్పుడూ 'మీరు' అనే అన్నాను. ఆ రోజు నోరు వేరేలా తిరిగింది.

"పేజీ చదివానండీ. ప్రాణాపాయం అంటే ఎంత నొప్పో తెలీలేదు. నొప్పి బాగానే ఉంది. కానీ చచ్చిపోయేంతా అని... తప్పుగా పిలిస్తే చదువు ఆపించి పంపేస్తారేమో అనిపించింది." ఊపిరి తీసుకున్నాడు. "శనివారం ఉన్నట్టుండి తగ్గిపోయింది. హమ్మయ్య, మంగళవారం దాకా ఆగొచ్చులే అనుకున్నా."

"నీ తప్పేం లేదు" అన్నాను. తప్పు ఎవరిదో మాత్రం చెప్పలేదు. నర్సు వచ్చి చాలన్నట్టు సైగ చేస్తే లేచి వచ్చేశాను.

శుక్రవారం పొద్దున పదింటికి పోయాడు.

కుతైసి నుంచి ఇటు విమానాలు వారానికి రెండే. వాళ్ళమ్మ టికెట్టు శనివారానికి దొరికింది. మా విభాగం అధిపతి డాక్టర్ ఫోగ్ట్ నన్ను గదిలోకి పిలిచి తలుపేశాడు.

"మీకు రష్యన్ వచ్చు కదా?"

"స్కూల్లో నేర్చుకున్నదండీ. నలభయ్యేళ్ళ కిందటి మాట." జర్మనీని రెండుగా చీల్చిన గోడ కూలకముందు ఈ తూర్పు భాగంలో చదువుకున్న మా అందరికీ ఆ భాష తప్పలేదు.

"అది చాలు. ఆమెకి జర్మన్ రాదు, రష్యన్ వచ్చట. కాగితాల పనంతా మీరే దగ్గరుండి చేయించండి. కానీ ఆ మెయిల్ సంగతి ఎత్తకండి, రోజ్‌విటా. మన లాయరు చూశాడు. పుస్తకంలో తప్పేమీ లేదు."

నిజమే. ఆ పుస్తకంలో తప్పు వాక్యం ఒక్కటీ లేదు.

ఆమె పేరు లమారా. బడిలో వంట చేస్తుంది. పొట్టిగా, గట్టిగా ఉన్న మనిషి. నల్ల కోటు, చేతిలో గుడ్డసంచీ. స్టేషన్లో దిగినప్పుడు ఏడవలేదు. "ఎక్కడున్నాడు?" అని ఒక్కటే మాట అడిగింది. తీసుకెళ్ళాను. ఆసుపత్రిలో అతన్ని ఉంచిన గదిలోకి ఆమెనొక్కదాన్నే పంపారు. గంటన్నర తర్వాత బయటికొచ్చి, "కాళ్ళు చల్లగా ఉన్నాయి. మేజోళ్ళు తెచ్చాను, తొడగనివ్వలేదు" అంది.

మర్నాడు ఆదివారం. వాళ్ళ ఈస్టర్ మాకన్నా వారం వెనక. నాకది ఆమె చెప్పేదాకా తెలియదు. హాస్టలు గది సర్దడానికి వెళ్ళాం. ఆమె సంచీలోంచి ఎర్రరంగు వేసిన గుడ్డు ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. "శుక్రవారం పొద్దున వేశాను. ఫోన్ రాకముందు" అంది.

చొక్కాలు ఒక్కొక్కటే వాసన చూసి మడతపెట్టింది. నేను పుస్తకాలు పెట్టెలో సర్దాను. అంతలో ఆమె రెవాజ్ ఫోను తెచ్చి నా ముందు పెట్టింది. తాళం అంకెలు ఆమెకు తెలుసు.

"గురువారం ఎవరికో రాశాడు. జవాబు కూడా వచ్చింది. నాకు జర్మన్ రాదు. చదివి చెప్పండి."

నేను తెరవైపు చూశాను. అక్షరాలు నావే.

ఫోగ్ట్ మాట గుర్తుంది. 'ఆఫీసు సంగతేదో' అని దాటెయ్యడం ఎంతసేపు? ఆమె ఇంకెవర్ని అడుగుతుంది? కానీ ఆ అమ్మ నా నోటివైపే చూస్తోంది. ముందు అతను రాసింది చెప్పాను. 'కుడివైపు' అన్న మాటకి రష్యన్ వెంటనే తట్టక నా చేత్తో నా కడుపు మీదే చూపించాను. తర్వాత జవాబు చెప్పాను. రెండే వాక్యాలు కదా, తొందరగానే అయిపోయింది.

"పద్నాలుగో పేజీలో ఏముంది?"

అదీ చెప్పాను.

"ఈ జవాబు రాసింది ఎవరు?"

"నేను."

ఆమె కేకలు పెడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. మంచం అంచున కూచుని, చేతిలోని చొక్కాని మళ్ళీ విప్పి మళ్ళీ మడిచింది.

"మీరు ఇంటికెళ్ళారు."

"అవును."

"శుక్రవారం ఏం చేశారు?"

"తోటలో బంగాళాదుంపల మడి తవ్వాను."

"శనివారం?"

"మనవలొచ్చారు. గుడ్లకి రంగులేశాం."

"ఆదివారం?"

"అందరం కలిసి భోంచేశాం. వాగు దాకా నడిచొచ్చాం."

"సోమవారం?"

"పొద్దెక్కేదాకా పడుకున్నాను."

"ఒక్కసారన్నా వాడు గుర్తొచ్చాడా?"

"లేదు" అన్నాను.

ఆమె తలాడించింది. "పెట్టె ముయ్యండి" అంది.

మృతదేహాన్ని దేశం దాటించడానికి పదకొండు రోజులు పట్టింది. మరణ ధ్రువపత్రానికి నగర కార్యాలయం, దాని అనువాదానికి ఒకచోట, ముద్రకి ఇంకోచోట, అనుమతికి రాయబార కార్యాలయం. నెల కిందట చిరునామా నమోదు చేసిన కిటికీ దగ్గరే దాన్ని రద్దు చేయించాలి. హాస్టలు తాళంచెవి అప్పగించి రసీదు తీసుకోవాలి. ఇవన్నీ నాకు కంఠతా వచ్చిన పనులే. ఊళ్ళో రష్యన్ తెలిసిన మరో మనిషిని పంపమని ఆమె రెండో రోజే ఫోగ్ట్‌ని అడిగించింది. ఈ కాగితాల పని కూడా తెలిసినవాళ్ళు ఎవరూ దొరకలేదు. దాంతో ఆ పదకొండు రోజులూ నా పక్కనే కూచుంది, నా వెనకే నడిచింది. 'ఇక్కడ సంతకం' అంటే పెట్టింది. 'రేపు తొమ్మిదింటికి' అంటే తొమ్మిదికి ఐదు నిమిషాల ముందే వచ్చి నిలబడింది. నేను కొన్న కాఫీ ఎప్పుడూ ముట్టలేదు. బల్ల మీద అది చల్లారిపోయేది.

ఆ రోజుల్లోనే పద్నాలుగో పేజీ కొత్తగా రాశాను. 'నొప్పిగా ఉంటే, భయంగా ఉంటే 112కి ఫోన్ చెయ్యండి. పొరపాటున చేసినా ఎవరూ ఏమీ అనరు' అని. ఫోగ్ట్ చదివి చివరి వాక్యం కొట్టేశాడు.

"అలా ఎలా హామీ ఇస్తాం? రేపు తాళం పోయిందని మళ్ళీ పిలుస్తారు."

"పిలవనివ్వండి."

"ఇన్నేళ్ళ అనుభవం ఉన్నవారు, మీరేనా ఈ మాటనేది?"

"ఆ అనుభవమే చంపింది అతన్ని" అన్నాను. గొంతు నాకు తెలియకుండానే పెరిగింది. పక్కగదిలో టైపు చప్పుడు ఆగిపోయింది. అతను కాగితం పక్కకి జరిపి, "మీరు అలిసిపోయారు" అన్నాడు. వేసవి తర్వాత నన్ను పరీక్షల విభాగానికి మార్చారు. ధ్రువపత్రాల మీద ముద్రలు వెయ్యడం. నేను అభ్యంతరం చెప్పలేదు. పుస్తకం ఇప్పుడు వేరే ఆవిడ రాస్తోంది.

బయల్దేరే రోజు పొద్దున శవవాహనం ఆసుపత్రి వెనక ఆవరణలో నిలబడింది. సన్నగా వాన. విమానాశ్రయం దాకా ఆమె ఆ బండిలోనే వెళ్తానంది. శవపేటిక లోపల పెట్టి తలుపులు మూశాక డ్రైవరు కాగితాలు సరిచూసుకుంటున్నాడు. అప్పుడు, ఆ గది సర్దిన రోజు తర్వాత మొదటిసారి, పనికి సంబంధం లేని మాట మాట్లాడింది.

"మీరు అబద్ధం చెప్పుంటే నాకు తెలిసేది కాదు. ఎందుకు చెప్పారు?"

"మీరు అడిగారు."

"వాడూ అడిగాడుగా" అంది.

కోపంగా అనలేదు. లెక్కలో చిన్న పొరపాటు చూపించినట్టు అంది. ఆమె ముందు సీట్లోకి ఎక్కి, సంచీ ఒళ్ళో పెట్టుకుని నేరుగా అద్దంలోంచి ముందుకు చూస్తూ కూచుంది.

డ్రైవరు ఆమెకేదో చెప్పబోయి, భాష కుదరక, కిటికీలోంచి నావైపు తిరిగాడు.

"కొంచెం చెప్పండమ్మా, బెల్టు పెట్టుకోమని."

చెప్పాను. ఆమె పెట్టుకుంది. బండి వెళ్ళిపోయింది.