పెద్ద డొప్పల చిన్న ఇంజన్లు

తర్లగూడ భానుప్రసాద్‌కు గోదావరి మీద పడవ ఉంటే చాలదు. అది వస్తోందని నదికి ఇటు బస్తర్‌లోనూ అటు తెలంగాణలోనూ, రెండు రాష్ట్రాల్లోనూ వినపడాలి. అందుకే కోస్తా నుంచి, నిద్రపోవడానికి గది కూడా ఉన్న పాత షికారు పడవను కొని తెచ్చాడు. దాని వెనక వేలాడే జోడు ఇంజన్లు ఏనుగు పిల్లల్లా ఉండేవి. తాగుడూ అలాగే ఉండేది. యాత్రికులిచ్చే కిరాయంతా పెట్రోలుగా మారి వాటి నోట్లోకే పోయేది.

"ఇది పడవా, పెండ్లి బరాతా? చిన్న ఇంజన్లు పెట్టియ్యరాదయ్యా," అంది భార్య నవీన. టికెట్లు ఇచ్చేదీ, పడవ నడిపేదీ ఆమే. భానుప్రసాద్ పని ముందు నిలబడి చెయ్యి ఊపడం.

జగ్దల్‌పూర్ మెకానిక్ ఉమేష్ వచ్చి చూసి అదే మాట అన్నాడు. "షికారుకు ఉరుకుడెందుకు సేట్? సగం తాకత్ చాలు. బరువు మాత్రం తగ్గించాలె."

భానుప్రసాద్ వెంటనే తగ్గించాడు. గదిలోని సోఫా, చలువరాతి బల్ల కదల్లేదు. లైఫ్ జాకెట్లు దిగిపోయాయి. నవీన నాలుగు తిట్టి జాకెట్లు ఎక్కించి, బల్లను దింపించింది.

చిన్న ఇంజన్లు బిగించాక వాటిని చూసిన భానుప్రసాద్‌కు సగం మీసం గొరిగినట్టయింది. పైగా నాయకుడు బుధ్రాం కొత్త ఇంజన్ల ప్రారంభోత్సవానికి వస్తున్నాడు. ఆయన కంట ఇవి పడితే ఇంకేమైనా ఉందా? ఆ ఉదయం నవీన రేవుకు రాకముందే, పాత ఇంజన్ల మీద మూతల్లా ఉండే పెద్ద డొప్పలు తెచ్చి కొత్తవాటికి తొడిగాడు. సందుల్లో గుడ్డలు కుక్కి, తాళ్లతో బిగించాడు.

బుధ్రాం ఎక్కుతూనే వెనక్కి చూసి, "వాహ్, ఏం తాకత్!" అన్నాడు. భానుప్రసాద్ ఛాతీ ఉప్పొంగింది.

నది నడుమకు వచ్చేసరికి గాలాడక ఒక ఇంజన్ దగ్గి ఆగింది. రెండోదీ దాని వెంటే పోయింది. బుధ్రాం మాత్రం ఆగలేదు. బస్తర్ ఎంత వేగంగా ముందుకు దూసుకుపోతోందో మైకులో చెబుతూనే ఉన్నాడు. పడవ అడ్డం తిరిగి తెలంగాణ వైపు కొట్టుకుపోతోంది.

నవీన వెనక్కి పరుగెత్తింది. "ఏందిది? ఇంజన్లకు రగ్గు కప్పినవా?"

"జర పరువు కోసం..."

"నీ పరువుకు ఊపిరాడ్తలేదు. పక్కకు జరుగు!"

తాళ్లు కోసి డొప్పలు పీకి పడేసింది. ఇంజన్లు తేరుకునేలోపే పడవ అవతలి ఇసుకతిప్పకు ముక్కు ఆనించింది. బుధ్రాం దిగి, మేకలు కాస్తున్న ముసలమ్మకు దండం పెట్టి ఓటడిగాడు.

"నా ఓటు తెలంగాణల ఉన్నది బిడ్డా," అందామె. "మేకలు బెదురుతున్నయ్, ఆ మైకు బంజెయ్."

తిరుగుదారిలో చిన్న ఇంజన్లతో పడవ పెద్దగా చప్పుడు చెయ్యకుండా సాగింది. ఆ నిశ్శబ్దంలో బుధ్రాం సోఫా మీద గురకపెట్టి నిద్రపోయాడు. భానుప్రసాద్ తల ఎత్తలేదు.

ఆ తరువాత పక్షుల కూతలు వినపడుతున్నాయని యాత్రికులు పెరిగారు. పెట్రోలూ మిగులుతోంది. ఇప్పుడు భానుప్రసాద్ ముందు నిలబడి, ఎక్కిన ప్రతి ఒక్కరికీ చెబుతాడు. "పెద్ద ఇంజన్లు బుద్ధిలేనోళ్లు పెట్టుకుంటరు. చిన్నయి పెట్టాలని మొదలు నాకే తట్టింది."

ఆ మాట వినగానే స్టీరింగ్ దగ్గర నవీన గట్టిగా హారన్ కొడుతుంది.