తాళాలాయన ఇంటి కొత్త తాళం

ఆయన్ని ఆ పేటలో అందరూ పెద్దతాళం అనేవారు. కన్నవాళ్లు పెట్టిన పేరొకటి ఉండేది గాని, దాన్ని కట్టుకున్న భార్య కూడా మరిచిపోయింది. తాళాలు బిగించడం, బాగుచెయ్యడం, మారు తాళంచెవులు కోసివ్వడం ఆయన వృత్తి. పనిలో వంక పెట్టడానికి లేదు. వంకంతా మనిషిలోనే ఉంది. నాలుగు మంచిమాటలు చెవిన పడితే చాలు, ఒకరు ఎక్కించకుండానే మునగచెట్టు ఎక్కి కూర్చునేవాడు.

ఆయన పేరు అంతగా మోగడానికి ఒక పద్ధతి కారణం. కోసిన ప్రతి తాళంచెవినీ గళ్ల కాగితం మీద పెట్టి, అటూ ఇటూ తిప్పి ఫొటో తీసి, అది ఎవరిదో, ఏ వీధిలో ఏ తలుపుదో దాని కింద రాసి ఫోనులో దాచేవాడు. ఎవరైనా తాళంచెవి పారేసుకుంటే తలుపు పగలగొట్టే పని లేదు. ఒక్క మాట ఫోనులో చెబితే, ఆ ఫొటో చూసి కొత్తది కోసి పట్టుకొచ్చేవాడు. జడివానలో గుమ్మం బయట నిలబడిపోయిన ముసలి నర్సమ్మ ఆయన్ని చూసి చేతులెత్తి దణ్ణం పెట్టింది. పేటలో సగం ఇళ్ల తాళంచెవులు ఒక్కడి జేబులో తిరుగుతున్నాయని ఎవరికీ భయం వెయ్యలేదు. నమ్మేశారు. నమ్మితే ఇక ఆలోచించే పని ఉండదు, అందుకే జనానికి అదంటే అంత ఇష్టం.

ఫోను పోయినా ఫొటోలు పోకుండా అవన్నీ ఆయన ఇంటర్నెట్ ఖాతాలోకి వాటంతటవే చేరేవి. ఆ ఖాతాకీ, మెయిల్‌కీ, కొట్టు పేరున్న పేజీకీ అన్నిటికీ ఒకటే పాస్‌వర్డ్. పెద్ద భవనాల్లో అన్ని తలుపులకీ పడే తాళంచెవి ఒకటి యజమాని దగ్గర ఉంటుంది. అలాంటి భవనాలకి తాళాలు బిగించి బిగించి ఆయన బుర్రలో అదే నాటుకుపోయింది. యజమాని అన్నవాడికి ఒక్కటే ఉండాలి.

భార్య అన్నకూతురు వేరే ఊళ్లో కంప్యూటర్ల భద్రత చూసే ఉద్యోగం చేస్తుంది. చూడవచ్చినప్పుడు ఆ పిల్ల చెప్పనే చెప్పింది.

"మావయ్యా, అన్నిటికీ ఒకే పాస్‌వర్డ్ పెడితే ఒకటి పోయినరోజు అన్నీ పోతాయి. పైగా రెండో తాళం కూడా పెట్టుకో. లోపలికి వెళ్లాలంటే నీ ఫోనుకి ఒక నంబరు వస్తుంది. అది కొడితేనే తెరుచుకుంటుంది."

"చేపపిల్లకి ఈత నేర్పుతున్నావటే? తాళం మీద తాళం పిరికివాళ్లు వేసుకుంటారు," అని ఆయన నవ్వాడు.

ఆ నవ్వు ఎన్నాళ్లో నిలవలేదు. ఒకరోజు కొట్లో బేరం నడుస్తుండగా ఫోనుకి సందేశం వచ్చింది. ఫొటోలు దాచే చోటు నిండిపోయిందట, ఈ పూటే పాస్‌వర్డ్ కొట్టి ఖరారు చెయ్యకపోతే అన్నీ చెరిపేస్తారట. తన పేరంతా ఆ ఫొటోల్లోనే ఉంది. ఎదుట ఉన్నవాడికి చిల్లర ఇస్తూనే లింకు నొక్కాడు, పాస్‌వర్డ్ కొట్టాడు. గుమ్మంలోకి వచ్చి తాళంచెవి అడిగినవాడికి ఇవ్వకండర్రా అని పేటంతటికీ సుద్దులు చెప్పిన పెద్దమనిషి, ఆ వచ్చినవాడు ఎవడో కూడా చూడకుండా చేతిలో పెట్టేశాడు.

మర్నాడు ఖాతా తెరుచుకోలేదు. మెయిలూ తెరుచుకోలేదు. ఆదరాబాదరాగా ఫోను చేస్తే మేనకోడలు సెలవు పెట్టుకుని వచ్చింది. వచ్చీరాగానే కొట్టు వెనక గదిలో కూర్చుని, ఇది మావయ్య ఖాతాయే అని రుజువులు చూపించి మెయిల్ వెనక్కి తెచ్చింది. పాస్‌వర్డ్ మార్చింది. లోపల తిష్ట వేసిన తెలియని ఫోన్లన్నిటినీ బయటికి గెంటింది. ఒక్కో ఖాతాకీ ఒక్కో పాస్‌వర్డ్ పెట్టింది, అన్నిటికీ రెండో తాళం బిగించింది. పెద్దతాళం పక్కన నిలబడి, బడిలో తప్పు చేసిన పిల్లాడిలా తల ఊపాడు. గండం గడిచిందనుకుని టీ తెప్పించబోతుండగా ఆ పిల్ల చెరిపేసిన మెయిళ్లు తిరగేసి ఆగిపోయింది.

"మావయ్యా, ఇది చూడు. లోపల దూరినవాడు ఫొటోలన్నిటికీ ఒక ప్రతి కావాలని అడిగాడు. దింపుకున్నాడు కూడా. ఆ మెయిల్ నీ కంట పడకుండా చెరిపేశాడు."

"దింపుకుని ఏం చేసుకుంటాడే? ఏ దేశంలో ఉన్నాడో ఏమో."

"వాడు దూరంలో ఉంటే దగ్గరున్నవాడికి అమ్ముతాడు. ఒక్కోదాని కిందా వీధీ ఇల్లూ నువ్వే రాసి పెట్టావు. నీ ఖాతా వెనక్కొచ్చింది గాని వాళ్ల తాళంచెవులు రాలేదు. ఇవాళే అందరికీ చెప్పు, తాళాలు మార్చుకోమను. ఇక్కడున్న ఫొటోలు కూడా తీసెయ్యి."

"చెబుతాలే. నేను చెప్పకపోతే ఎవరు చెబుతారు?"

ఆ పిల్ల నమ్మి బస్సెక్కింది. చెప్పొద్దూ, బస్సు కదిలేదాకా ఆయన కూడా తను చెబుతాననే అనుకున్నాడు. ఆ తర్వాత కొట్టు బోర్డు చూసుకున్నాడు. ఈ మాట బయటపడితే ఆ బోర్డు కింద రేపు కాకి కూడా వాలదు. పెద్దతాళం కాస్తా పేట నోట్లో తుప్పుతాళం అయిపోతాడు. మొదట ఇంటికి వెళ్లి, సంచిలోంచి కొత్త తాళం తీసి తన వీధి తలుపుకి బిగించాడు.

"మరి అందరికీ?" అంది భార్య.

"చూద్దాంలే. నువ్వు మాత్రం నోరు మెదపకు. మన నాలుగు వేళ్లూ నోట్లోకి పోతున్నాయంటే ఆ పేరు మీదే."

ఒక్క మనిషి గురించి మాత్రం ఆయనకి మనసు పీకింది. భర్త పోయి ఒంటరిగా ఉంటున్న అక్క. నిజం చెబుదామా అంటే అక్క నోట్లో నువ్వుగింజ నానదు. సరే, ఏదో వంక పెట్టి మార్చేద్దామని సంచిలో ఇంకో తాళం వేసుకుని వెళ్లాడు. ఖర్మ కొద్దీ నర్సమ్మ అక్కడే కూర్చుని ఉంది. ఇళ్లు తుడిచే ఆవిడ నేల తుడుస్తోంది. ఆ వీధిలో చాలా ఇళ్లలో, పెద్దతాళం ఇంట్లో కూడా, ఈవిడే పనిచేస్తుంది. అందరూ తలా ఒక తాళంచెవీ ఆవిడకి ఇచ్చి ఉంచారు.

"కొత్తరకం తాళం వచ్చిందక్కా. నీకు బిగిద్దామని తెచ్చాను."

"ఉన్నదానికి ఏం రోగం? నువ్వు వేసిన తాళం మీద నీకే నమ్మకం లేదేంట్రా?" అని అక్క పకపకా నవ్వింది.

"మార్చడమంటూ ఉంటే నాదీ మార్చు నాయనా," అంది నర్సమ్మ. "అసలు ఎందుకు మార్చాలంటావు?"

ఎందుకంటే ఏం చెబుతాడు? ఇద్దరూ తన ముఖంలోకే చూస్తున్నారు. "అబ్బే, ఊరికే అడిగానక్కా. నీది గట్టి తాళం. ఏనుగు వచ్చినా కదలదు," అన్నాడు. తెచ్చిన తాళం తెచ్చినట్టే సంచిలో ఇంటికి వచ్చింది. దారిలో దాని బరువుకి భుజం లాగింది గాని, మనసు కొంత తేలికపడింది. అడిగాను, వద్దంది, నేనేం చెయ్యను అనుకున్నాడు. తనని తాను ఇంత సులువుగా క్షమించుకునేవాణ్ణి నేను ఇంకొకణ్ణి చూడలేదు.

ఒక వారం ఏమీ జరగలేదు, ఇంకో వారమూ జరగలేదు. తేలు కుట్టిన దొంగలా ఉన్నవాడు కాస్తా మళ్లీ జోకులు వెయ్యడం మొదలుపెట్టాడు. అప్పుడు, అక్క కంటి డాక్టరు దగ్గరికి వెళ్లిన పూట, ఆవిడ ఇంట్లో దొంగలు పడ్డారు. గాజులు పోయాయి, గొలుసు పోయింది, బావగారి చేతి గడియారం పోయింది. తలుపు పగలలేదు, తాళం విరగలేదు. పనైపోయాక వచ్చినవాడు మర్యాదగా మళ్లీ తాళం వేసి మరీ వెళ్లాడు.

పోలీసు పెద్దతాళాన్నే పిలిపించాడు. "మీరే చూసి చెప్పండి. దీన్ని ఎలా తీశారు?"

ఆయన తాళం ఊడదీసి వెలుతురులో పెట్టి చూశాడు. తాళంచెవి దూరే సందులో ఇత్తడి పొడి సన్నగా మెరుస్తోంది. అరిగిన పాత తాళంచెవి పొడి రాల్చదు. అప్పుడే కోసి, ఆకురాయితో రుద్దకుండా వాడిన కొత్త తాళంచెవే రాలుస్తుంది. అది చూడగానే ఆయనకి అంతా తెలిసిపోయింది. అక్క గోడకి ఆనుకుని ఏడుస్తోంది. మూలన ఇళ్లు తుడిచే ఆవిడ తుడిచే గుడ్డ పట్టుకుని నిలబడి ఉంది.

"ఆగండి, కొంచెం బిగుసుకుంది," అని ఆయన సంచిలోంచి నూనె తీసి సందులో ధారగా పోశాడు. గుడ్డ పెట్టి తుడిచాడు. పొడి గుడ్డకి అంటుకుని వచ్చేసింది. ఆ గుడ్డ జేబులో కుక్కుకున్నాడు.

"దొంగ తాళంచెవి కాదు సార్. అసలుదానితోనే తీశారు."

"అసలువి ఎవరెవరి దగ్గర ఉన్నాయమ్మా?"

అక్క మూలకి చూసింది. నోటితో చెప్పాల్సిన పని లేకపోయింది.

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మేం పడతాం," అన్నాడు పోలీసు.

"నేను తియ్యలేదు బాబుగారూ, మీరైనా చెప్పండి," అని ఆవిడ పెద్దతాళం వైపు చేతులు జోడించింది. ఆయన సంచి సర్దుకోవడంలో మునిగిపోయాడు. ఆవిడని తీసుకుపోయారు.

స్టేషన్లో ఆవిడని ఏం చేశారో పేట అడగలేదు. సొత్తు దొరక్క కొన్నాళ్లకి వదిలేశారు గాని, పేట వదల్లేదు. ఒక్కో ఇల్లూ ఆవిడని మానిపించింది. తాళాలు మార్చుకోవడానికి జనం కొట్టు ముందు వరస కట్టారు. చేతినిండా పనితో పెద్దతాళానికి ఊపిరి ఆడటం లేదు. అంత సందట్లో మేనకోడలు ఫోను చేసింది.

"మావయ్యా, అందరికీ చెప్పావా?"

"చెప్పానమ్మా. అందరూ మార్చుకుంటున్నారు," అన్నాడు. ఇంతటి అబద్ధంలో సగం నిజమే ఉండటం ఆయనకి భలే కలిసొచ్చింది.

ఒక సాయంత్రం ఇళ్లు తుడిచే ఆవిడ కొట్టుకి వచ్చింది. మనిషి సగమైంది. వరసలో ఉన్నవాళ్లు చేతిసంచులు దగ్గరికి లాక్కున్నారు. ఆవిడ తాళంచెవుల గుత్తి తీసి బల్లమీద పెట్టింది.

"ఎవరివి వాళ్లకి మీరే ఇచ్చెయ్యండి బాబుగారూ. నేను వెళితే గుమ్మం ఎక్కనివ్వడం లేదు."

"అలాగేలే."

ఆవిడ గుత్తిలోంచి ఒకటి విడిగా తీసింది. "ఇది మీ ఇంటిది. ఎలాగూ పడదనుకోండి. అక్కగారింట్లో దొంగలు పడకముందే మీరు తాళం మార్చేశారు కదా."

పెద్దతాళం చేతిలో ఆకురాయి ఆగిపోయింది. వరసలో ఉన్నవాళ్లు వింటున్నారు. ఇంకొక్క మాట, అంతే, మొత్తం కూలిపోతుంది.

"ఆ పొద్దున నా తాళంచెవి పడకపోతే, పాతది పాడైందని అమ్మగారు అన్నారు. నమ్మాను. స్టేషన్లో కూర్చోబెట్టినప్పుడు గాని నాకు తట్టలేదు." ఆవిడ గొంతు తగ్గించింది. "మీకు నా మీద అప్పటికే అనుమానం వచ్చింది కదా బాబుగారూ?"

ఆయన ఆవిడ ముఖంలోకి చూశాడు. అందులో ఎత్తిపొడుపు లేదు. ఆవిడ నిజంగానే అడుగుతోంది.

"అవును," అన్నాడు.

"ఏం చూసి వచ్చిందో చెప్పండి బాబుగారూ. దిద్దుకుంటాను. ఇంకో పేటలోనైనా పని చేసుకుని బతకాలి కదా."

"ఏమో, చెప్పలేను. అలా అనిపించింది."

"అనిపించిందా," అంది ఆవిడ. కాసేపు నిలబడి, తను ఎక్కడ ఏం పొరపాటు చేసిందో గుర్తు తెచ్చుకుంటున్నట్టు నేల చూసింది. తర్వాత దణ్ణం పెట్టి వెళ్లిపోయింది.

"ఎంత ముందుచూపయ్యా నీది!" అన్నాడు వరసలో ముందున్నాయన. వెనకవాళ్లు ఔనౌనన్నారు. పెద్దతాళం ఆ ముందున్నాయన కొత్త తాళంచెవిని గళ్ల కాగితం మీద పెట్టి అటూ ఇటూ ఫొటో తీశాడు. ఖాతా తెరవబోతే నంబరు అడిగింది. వచ్చిన నంబరు జాగ్రత్తగా చూసి కొట్టాడు, తెరుచుకుంది. ఇప్పుడు ఆయన సొత్తు ఎవరూ ముట్టుకోలేరు.