అచ్చియమ్మ తప్పు

నేను ఒక లేసు సూదిని. లంగా బొందు ఎక్కించే సూదిని అనుకుంటారు ఈ మధ్య నన్ను చూసినవాళ్ళు. వాళ్ళ పొరపాటేమీ లేదు. మూడేళ్ళుగా ఈ ఇంటి కోడలు వీరవేణి నన్ను ఎక్కువగా ఆ పనికే వాడుతోంది. కొసన చిన్న కొక్కెం ఉంది కదా, బొందు జారిపోకుండా లాగుతాను.

నా పుట్టుక సంగతి తర్వాత చెబుతాను. ముందు ఈ ఇంట్లో మూడు రోజులుగా నలుగుతున్న గొడవ చెప్పాలి. అది ఒక రకంగా నా మీద గొడవే.

“నీ లేసు అయ్యేసరికి నీ మనవరాలికి ఓణీలు కాదత్తా, పెళ్ళే అయిపోద్ది,” అంది వీరవేణి. రొయ్యల షెడ్డు వ్యాను దిగి అప్పుడే వచ్చింది. గోళెం దగ్గర రెండోసారి సబ్బుతో చేతులు కడుక్కుంటోంది. ఎన్నిసార్లు కడిగినా ఆ వాసన పోదు.

“జానెడేగా మిగిలింది. జానెడు ఎంతసేపు?” అంది అత్తగారు అచ్చియమ్మ, నన్ను కదిలిస్తూనే.

“ఆ జానెడు ఉగాది నాడూ జానెడే. నీకు సూదే ఆనటం లేదు, ఇంక దారం ఏం కనపడుద్ది? ఆదివారం నలుగురూ వచ్చేసరికి పిల్లని అంచు లేని ఓణీతో కూచోబెట్టమంటావా?”

“అంచు లేకుండా ఎందుకుంటదే? నేను అల్లుతుంటేనూ!”

“భీమవరంలో మీటర్ల లెక్కన అమ్ముతున్నారు. రేపు తెచ్చేత్తాను. ఖాళీగా కూచోలేక ఏదో అల్లుకుంటన్నావులే అని ఊరుకున్నా గానీ...”

ఖాళీగా. ఆ మాట దగ్గర అచ్చియమ్మ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆ చేతిలో ఉన్నాను కాబట్టి నాకు తెలిసింది. ఇంకెవరూ చూడలేదు. ఆ మాటకు ఆ చెయ్యి అలా ఆగడం ఇది రెండోసారి.

నేను ఈ దేశంలో పుట్టలేదు. ఎక్కడో చలి ఊళ్ళో ఉక్కు తీగను ముక్కలు కోసి, కొస వంచి, మెరుగు పెట్టి, ఒంటి మీద నాలుగు అక్షరాలు గుద్ది నన్ను ఓడ ఎక్కించారు. ఆ అక్షరాలు ఇప్పుడు లేవు. రెండు తరాల బొటనవేళ్ళు వాటిని అరగదీశాయి. నరసాపురం దగ్గర మిషన్ బడి నడిపే దొరసాని పెట్టెలో నాలాంటివి ఇరవై దాకా ఉండేవి. ఆవిడ వాటిని పేదింటి ఆడపిల్లలకు పంచి, పువ్వు అల్లడం నేర్పింది. నేను సుబ్బాయమ్మ అనే పిల్ల చేతికి వచ్చాను. ఆ సుబ్బాయమ్మ కూతురే అచ్చియమ్మ. కూతురు కాపురానికి వెళ్ళే రోజున ఇత్తడి బిందెలో బియ్యం పోసి, ఆ బియ్యంలో నన్ను గుచ్చి ఇచ్చింది. “బిందె సొట్టపోయినా పర్లేదు గానీ ఇది పోగొట్టుకోకే,” అంది.

మేము అల్లిన లేసంతా నేను వచ్చిన దారినే తిరిగి ఓడ ఎక్కిపోయేది. ఎవరి బల్ల మీద పరిచేవారో, ఏ కిటికీకి వేలాడదీసేవారో ఇక్కడ ఎవరికీ తెలియదు. అప్పట్లో ఈ కాలవ గట్టు మీద భోజనాల బల్ల ఉన్న ఇల్లే లేదు.

“ఈ గుండ్రటిది దేనికండీ?” అని ఒకసారి అచ్చియమ్మ ఏజెంటు తాతారావును అడిగింది.

“గ్లాసు కింద పెట్టుకుంటారంటమ్మా.”

“గ్లాసు కింద గుడ్డెందుకండీ, నేల ఉండగా!” అని ఆమె పడీ పడీ నవ్వింది. నవ్వుతూనే అలాంటివి వేలకు వేలు అల్లింది.

తాతారావు సైకిలు వెనక గోనెసంచి కట్టుకుని వచ్చేవాడు. దారపు ఉండలు ఇచ్చి, అల్లినవి పట్టుకుపోయేవాడు. పువ్వులు అల్లేవాళ్ళు పువ్వులే అల్లాలి. వాటిని కలిపి కుట్టే అతుకుపని ఇంకో ఊరి ఆడవాళ్ళది. అన్నీ కలిశాక ఆ దుప్పటి ఎలా ఉంటుందో పువ్వు అల్లినవాళ్ళు ఎన్నడూ చూడలేదు.

అచ్చియమ్మ కొడుకు ఏడుకొండలుకు ఎనిమిదో నెల నడుస్తున్నప్పుడు మూడు రోజులు విడవకుండా జ్వరం వచ్చింది. మొగుడు సత్తియ్య కొబ్బరికాయల పడవ మీద వెళ్ళి ఉన్నాడు. ఉయ్యాల తాడు కాలి బొటనవేలికి కట్టుకుని, చేతిలో నన్ను పట్టుకుని ఆమె ఒక్కతే కూర్చుంది. అప్పుడు అల్లుతున్న పువ్వుకు ఎనిమిది రెక్కలుండాలి. రెక్క రెక్కకూ లేచి పిల్లాడి నుదురు తడిమి వస్తోంది. వచ్చినప్పుడల్లా ఎన్ని రెక్కలయ్యాయో మరిచిపోతోంది. ఏడు రెక్కలకే గుండ్రం మూసేసింది. మిగిలిన సందు కనబడకుండా నాతో ఒక ముడి అడ్డంగా లాగింది. ఆ ముడికి ఏడో రెక్క ఎడమకు ఒరిగింది, నిద్ర ఆపుకోలేక తల వాల్చినట్టు.

జ్వరం దిగాక చూసుకుంటే ఆ మూడు రోజుల్లో అల్లిన డజను పువ్వులూ అలాగే ఉన్నాయి. విప్పి అల్లే వ్యవధి లేదు. ఒకటి తన దగ్గర ఉంచుకుని, మిగతావి మంచి పువ్వుల అడుగున దాచి ఇచ్చేసింది.

రెండు నెలల తర్వాత తాతారావు సైకిలుకు స్టాండు వెయ్యకముందే కేక పెట్టాడు. “అచ్చియమ్మా! ఏం చేశావమ్మా ఆ పువ్వుని!”

ఆమె తలుపు చాటుకు వెళ్ళిపోయింది. “పిల్లాడికి బాలేక అలా అయిందండి. ఈ ఒక్కసారికీ...”

“ఒక్కసారేంటమ్మా! ఎప్పుడూ అదే కావాలంట. అక్కడోళ్ళకి తెగ నచ్చేసిందంట. ఆయ్, ఆ వంగిన రెక్కతో సహా!”

ఆ ఏడాది ఊరంతా తప్పు నేర్చుకుంది. దానికి పేరు కూడా అదే పెట్టారు. “ఏం అల్లుతున్నావే?” అని అడిగితే “అచ్చియమ్మ తప్పు” అని చెప్పేవారు. కళ్ళు మూసుకుని ఎనిమిది రెక్కలు తీర్చే ఆడవాళ్ళు, తప్పు సరిగ్గా రావడం లేదని వచ్చి మొత్తుకునేవారు. “మరీ అంత వంగకూడదే, విప్పు. నిద్రొచ్చినట్టుండాల గానీ పడిపోయినట్టు కాదు,” అని అచ్చియమ్మ వాళ్ళకు దిద్దేది. తప్పు ఒప్పుగా చెయ్యడానికి మనుషులు ఇంత కష్టపడతారని నాకు అప్పుడే తెలిసింది.

ఆ చెయ్యి మొదటిసారి ఆగింది కూడా ఆ రోజుల్లోనే. చేతిపనుల వాళ్ళ జాబితా రాసుకోవడానికి సర్కారు మనిషి ఒకాయన వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

“ఇంట్లో ఆడవాళ్ళు ఏం పని చేస్తారండీ?”

“ఏ పనీ లేదండి, ఖాళీయే,” అన్నాడు సత్తియ్య. “ఖాళీ ఉన్నప్పుడు లేసు అల్లుకుంటది. సరదాకండి.”

తలుపు వెనక అచ్చియమ్మ పొద్దుట వేసుకున్న పీట మీదే ఉంది. ఆ ఇంటి కప్పుకు తాటాకు పోయి పెంకు వచ్చింది ఆ సరదాతోనే. చెయ్యి ఆగింది. మళ్ళీ కదిలింది. సత్తియ్య చెడ్డవాడు కాదు, నిజంగానే అలా అనుకున్నాడు. సర్కారు మనిషి ఆ గడిలో ఒక అడ్డగీత గీసి పక్కింటికి వెళ్ళాడు.

తర్వాత సత్తియ్య పోయాడు. తాతారావు రాకపోకలు తగ్గి, ఒక ఏడు పూర్తిగా మానేశాడు. “అక్కడెక్కడో మిషన్ల మీద గుద్దేత్తన్నారంటమ్మా, మన చేతులు వాటితో పరిగెత్తలేవు,” అన్నాడు చివరిసారి వచ్చినప్పుడు. సైకిలు మీద గోనెసంచి చదునుగా ఉంది. వరిచేలు రొయ్యల చెరువులయ్యాయి. లేసు అల్లిన ఆడవాళ్ళు ఒక్కొక్కరే తెల్లవారుజామున షెడ్డు వ్యాను ఎక్కారు. ఆ రొయ్యలూ ఓడెక్కే పోతాయట. వీరవేణి కొత్తకోడలిగా వచ్చిన రోజుల్లో నన్ను బాగా పట్టేది. పదేళ్ళుగా షెడ్డులో రొయ్యలు ఒలుస్తూ ఐసులో పెట్టి పెట్టి ఆమె వేళ్ళ కొసలు తెల్లగా నాని పగిలిపోయాయి. కూతురు జోషితను మాత్రం నన్ను ముట్టనివ్వలేదు. “నీ నడుం నెప్పీ వద్దు, నా ఐసూ వద్దు. దాన్ని చదువుకోనీ,” అని అత్తగారితో తెగేసి చెప్పింది.

అయినా మనవరాలి ఓణీకి అంచు తనే అల్లాలని అచ్చియమ్మ పట్టుబట్టింది. ఇన్నేళ్ళలో ఒక్క లేసైనా ఆమె ఇంటివాళ్ళ ఒంటి మీదికి రాలేదు. ఇది ఒక్కటైనా రావాలి. ఆమెకు ఉన్న ఆశ అంతే.

అన్నట్టుగానే మర్నాడు సాయంత్రం వీరవేణి లేసు చుట్ట తెచ్చింది. జోషిత ఎగిరి గంతేసి దాన్ని మంచం మీద పరిచింది. ఏడుకొండలు కూడా ఐసు ఫ్యాక్టరీ నుంచి వచ్చి ఉన్నాడు.

“ఎంత బాగుందో చూడు మామ్మా!”

అచ్చియమ్మకు కళ్ళు ఆనవు కాబట్టి వేళ్ళతో చూసింది. ఒక పువ్వు తడిమింది. మళ్ళీ తడిమింది. పక్క పువ్వు మీదికి వెళ్ళింది.

“ఏడు,” అంది.

“ఏంటత్తా?”

“ఏడు రెక్కలు. ఏడోది ఎడమకి ఒరిగింది. ఇది నా పువ్వే.”

వీరవేణి నవ్వింది. “ఇంకా నయం, గులాబీ నాదే, మందారం నాదే అన్లేదు.”

“అది చైనాదే అమ్మా,” అన్నాడు ఏడుకొండలు.

అచ్చియమ్మ వాదించలేదు. పెట్టె తీసి, అడుగున మడత గుడ్డలోంచి పసుపుపచ్చబడ్డ పువ్వు ఒకటి తెచ్చి కొత్త లేసు పక్కన పెట్టింది. జోషిత రెండింటినీ ఫోనులో ఫొటో తీసి పెద్దది చేసింది. పెద్దది చేస్తూ చేస్తూ నవ్వడం మానేసింది.

“నాన్నా, ముడి కూడా అక్కడే ఉంది. అడ్డంగా. ప్రతి పువ్వుకీ ఉంది.”

ఏడుకొండలు ఫోను లాక్కుని చూశాడు. “మిషన్ కూడా తప్పు చేత్తదా?”

“మిషన్‌కి జ్వరమొచ్చిన పిల్లోడెక్కడున్నాడ్రా,” అంది అచ్చియమ్మ. “ఆ జ్వరం నీదే. ఎనిమిదో నెల నీకు. నీ నుదురు చూసొచ్చి లెక్క తప్పాను.”

మంచం మీద మూడు మీటర్ల లేసు. వరసగా పువ్వులు. ప్రతి పువ్వులోనూ ఏడుకొండలు జ్వరం. ఎన్ని దేశాల్లో ఎన్ని మీటర్లు ఉందో, ఎవరి గౌన్లకు కుట్టారో! వాడు లేసు మీద చెయ్యి వెయ్యబోయి వెనక్కి తీసుకున్నాడు. కాసేపటికి లేసు చుట్టి వచ్చిన అట్టముక్క తిరగేసి చూశాడు. “అమ్మ పువ్వు ఎలా తీసుకున్నారని ఎవర్నైనా అడగాలి కదే,” అన్నాడు పెళ్ళాంతో. అట్ట మీద దేశం పేరు ఉంది, కొలత ఉంది. అడగడానికి మనిషి పేరు లేదు.

వీరవేణి కొత్త లేసును పక్కకు జరిపింది. తర్వాత అత్తగారి ఒళ్ళోంచి నన్నూ, పూర్తి కాని అంచునూ తీసుకుంది. “నీదే కుడదాం అత్తా. ఈ జానెడు నేనల్లేత్తాను. రేపు షెడ్డు మానేత్తా.”

దారం వేలికి చుట్టింది. నన్ను పట్టుకుంది. నాకు ఆ వేళ్ళు తెలుసు, ఒకప్పుడు ఎంత మెత్తగా ఉండేవో. ఇప్పుడు వాటికి నేను ఉన్నట్టే తెలియలేదు. మొదటి ముడి జారిపోయింది. రెండోదీ జారింది. మూడోసారి నా కొక్కెం పగిలిన వేలికి గుచ్చుకుని, తెల్లటి దారం మీద ఎర్రటి చుక్క పడింది. ఆమెకు నొప్పి కూడా తెలియలేదు. చుక్కను చూసి ఆగింది.

“రావట్లేదత్తా,” అంది చిన్నగా.

“నాకిమ్మా, నేను చేత్తాను,” అంది జోషిత.

ఎలా పట్టుకోవాలో ఆ పిల్లకు ఎవరూ నేర్పలేదు.

అచ్చియమ్మ కోడలి చేతిలోంచి దారాన్ని విడిపించింది. వేలికి పసుపు అద్దింది. అంచును మడిచి, పాత పువ్వును దాని మీద పెట్టి గుడ్డలో చుట్టింది. నన్ను కొంగుతో తుడిచి, వీరవేణి దువ్వెనలూ పిన్నులూ పెట్టుకునే రేకు డబ్బాలో వేసింది. బొందుకు అవసరం కదా.

“పిల్ల ఓణీకి ఆ కొన్నదే కుట్టండి. అదీ నాదేగా,” అంది.

దీపాల వేళయింది. ఏడుకొండలు లైటు వేశాడు. ఆమె ముగ్గురినీ ఒకసారి చూసింది. గొంతు పెంచలేదు.

“యాభై ఏళ్ళు చేశాను. ఇవాళ్టితో నేను పని మానేత్తన్నాను.”

ఏం పని అని ఎవరూ అడగలేదు.