మసి అంతటా అంటినప్పుడు

తుపాకీ కర్రకి ఇత్తడి పలక తొడగడంలో మా ఆయన హోబర్ట్‌కి ఈ టెనెసీ కొండల్లో సాటి లేరని అనేవారు. భుజానికి ఆనే ఆ పలక నెలవంకలా వంగి ఉంటుంది. కర్ర చివర కూడా వెంట్రుకవాసి తేడా లేకుండా అదే వంపు తిరగాలి. అందుకని పలకను కిరసనాయిలు దీపం మీద పట్టి, మసి పట్టించి, కర్రకి నొక్కుతాడు. మసి అంటిన చోట కర్ర ఎత్తుగా ఉన్నట్టు. అక్కడ ఆకురాయితో తీయాలి. మచ్చలుగా అంటినంతసేపూ తీస్తూ పోవాలి. అంతటా ఒకేలా అంటితే ఆగిపోవాలి.

ఈ తుపాకీ మా అమ్మాయి నెల్డాది. ఊళ్లో అందరికీ చేశావు, నాకెప్పుడు చేస్తావని ఎన్నేళ్లుగానో దెప్పుతోంది. వేసవిలో డాక్టరు మతిమరుపు జబ్బని చెప్పాక, ఇదే ఆఖరిదని ఆయనే అన్నాడు. మోచేతి మడత నుంచి చూపుడువేలి దాకా దాని చెయ్యి కొలిచి, గోడ మీద పెన్సిల్‌తో పదమూడున్నర అంగుళాలని రాసుకున్నాడు. తుపాకీ మీట నుంచి కర్ర చివరి దాకా సరిగ్గా అంతే ఉండాలి.

మంగళవారం పొద్దున కాఫీ పట్టుకుని షెడ్డులోకి వెళ్లేసరికి కర్ర చివరంతా నల్లగా ఉంది. ఒక్క తెల్లమచ్చ లేదు. అయిపోయిందని సంతోషించాను. ఆయన ఆకురాయి తీసుకుని ఆ నలుపంతా అరగదీశాడు. మళ్లీ మసి పట్టించి నొక్కాడు. మళ్లీ అంతా నలుపే. మళ్లీ అరగదీశాడు.

“ఇంకా అంటుతోంది చూడు,” అన్నాడు. “మొండి కర్ర. మీ పుట్టింటి వాళ్లలా.”

నేను నవ్వాను. ముందు వారం చర్చి దగ్గర, ట్రక్కు తాళాలు ఫ్రిజ్‌లో పెట్టాడని నలుగురిలో నవ్వుతూ చెప్పాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అందుకే ఈసారి ఏమీ అనలేదు. చేతికి అలవాటైన పని, అదే ఆగుతుందిలే అనుకుని బీన్స్ పొయ్యి మీద పెట్టడానికి ఇంట్లోకి వచ్చేశాను. మధ్యాహ్నం వరకూ ఆకురాయి చప్పుడు వినిపిస్తూనే ఉంది.

శుక్రవారానికి మరలు బిగించేశాడు. పలకకీ కర్రకీ మధ్య నా గోరు కూడా దూరలేదు. ఆయన పడుకున్నాక టేపు పెట్టి చూశాను. మీట నుంచి పన్నెండు అంగుళాలే ఉంది.

శనివారం నెల్డా వచ్చింది. తుపాకీ భుజానికి ఆనించగానే బొటనవేలు పోయి ముక్కుకి తగిలింది. నావైపు చూసింది. నేను తల దించుకున్నాను.

“సరిపోయిందా?” అన్నాడు హోబర్ట్.

భుజం ముందుకు తోసి, మోచెయ్యి పైకెత్తి, ఎలాగో సర్దుకుంది. “నా కొలతే నాన్నా.”

ఒకసారి ఒకాయన డబ్బిచ్చి గుమ్మం దాటబోతుంటే, పావు అంగుళం తేడా ఉందని దూరం నుంచే చూసి, తుపాకీ చేతిలోంచి లాక్కున్న మనిషి ఈయన. ఇప్పుడూ లాక్కుంటాడనుకున్నాను. తిడతాడనుకున్నాను. లాక్కుంటే బాగుండుననుకున్నాను.

ఆయన చొక్కా చేతితో ఇత్తడి మీది వేలిముద్ర తుడిచాడు.

“నేను కొలిస్తే తప్పుతుందా?” అన్నాడు.

నెల్డా తుపాకీ దించలేదు. ముక్కుకి వేలు ఒత్తుకుంటున్నా, ఆయన చూసినంతసేపూ అలాగే నిలబడింది.