మాస్టారి మంచం ముందు కోక

ఇల్లు కట్టి సూడు, పెల్లి సేసి సూడు అన్నారు గదా. నాను రెండూ సేసినాను. పెల్లి కష్టాలు మర్సిపోనాను గానీ రాజాంలో ఈ ఇల్లు కట్టినప్పుడు పడ్డ పాట్లు మాత్రం మర్సిపోలేదు. అందుకే అద్దెకి దిగినోలకి ముందే సెప్పేస్తాను, ఏటైనా సేసుకోండి, గోడకి మేకు మాత్రం కొట్టకండి అని. మేకు కొడితే అరసెయ్యంత పెచ్చు ఊడొస్తాది. జగ్గమ్మ నోరు మంచిది కాదని ఈదిలో అంటారు. అననీ. నా గోడలు మంచిగున్నాయి.

మొన్న ఎండాకాలం ముందు మా ముందు పోర్షన్లోకి శ్రీరామ్, విశాలి అని మొగుడూ పెల్లాం దిగినారు. అతను తెల్లారకుండానే నెల్లిమర్ల డ్యూటీకి పోతాడు. ఆయమ్మ ఇక్కడే ప్రైవేటు బడిలో పాఠాలు సెప్తాది. కూడా శ్రీరామ్ తండ్రి, చంద్రశేఖరం మాస్టారు. విజయనగరంలో పిల్లలకి వయొలిన్ నేర్పిన మనిసంట. పక్షవాతం వచ్చి ఎడం పక్క పడిపోయినాది. లోపలి గదికి కిటికీ లేదని ఆయన మంచం ముందు గదిలోనే ఏసినారు. ఆ గుమ్మానికి ఎదురుగానే మా కుళాయి. బిందె పట్టుకొచ్చిన పతీ మనిసీ, ఎలగున్నారు మాస్టారూ అని లోపలికి తొంగి సూసీదే. తలుపేస్తే ఆయనకి ఊపిరాడదు.

మంచాన పడ్డ మనిసికి అన్నీ మంచంలోనే గదా. తింటే కోడలు ఎత్తి పొయ్యాలి, అది ఈదంతా సూడాలి. ఆ సిగ్గుకి ఆయన తిండి మానీసినారు. ఎవులైనా వస్తే మొకం అటు తిప్పీసీవోరు. నాను అరటిపల్లట్టుకెల్తే నా ఏపు సూడనైనా సూడలేదు. బుగ్గలు లోపలికి పీక్కుపోనాయి. ఇలగే అయితే మనిసి మిగలడని డాక్టరు సెప్పీసినాడంట.

విశాలి నా కాడికొచ్చి, మంచానికి అడ్డంగా తెర కట్టుకుంటాం, రెండంటే రెండు మేకులు కొట్టుకోనివ్వండని బతిమాలినాది. నాకు జాలేసినాది. నా నోటికి జాలి ఎక్కడిది? తెర కట్టుకో, మేకొద్దు అనీసినాను. మరేటి సెయ్యమంటారు, ఒకలికి ఒప్పుకుంటే అందరూ సుత్తులట్టుకుని దిగుతారు.

ఆ వారంలోనే ఒకనాడు పొద్దున్న కుళాయి కాడ, నీల్లకొచ్చిన పక్కింటి బుల్లమ్మ నా సెవిలో ఊదినాది, మీ ముందు పోర్షన్లో తెర ఏలాడతన్నాది, అదీ రోజుకో రంగు అని. నాకు ఒల్లు మండిపోనాది. మేకు లేకండా తెర గాల్లో ఏలాడతాదేటి? సెంగు బిగించి ఎల్లినాను. ఏటమ్మా విశాలీ, నా మాటంటే గడ్డిపరకేటి అని గుమ్మంలోనే మొదలెట్టినాను.

ముందు ఇటు గోడ తడిమినాను. నున్నగా ఉన్నాది. గుమ్మం పక్క తడిమినాను. సిన్న గాటు కూడా లేదు. అప్పుడు తలెత్తి సూసినాను.

ఓలమ్మ, ఏటని సెప్పేది. కిటికీ ఊసల నుంచి, లోపలి గుమ్మం మీద గాలికోసం ఒగ్గిన కంతకున్న ఊసల దాకా జనపనార తాడు లాగి కట్టినాది. దాని మీద రెండు కోకలు. మనం బొడ్డు కాడ కుచ్చిల్లు పెట్టుకోమా, అచ్చం అలగే కుచ్చిల్లు పెట్టి, బట్టలారేసే క్లిప్పులు మడతల్లో దాసీసినాది. జారిపోతాదనుకున్న కాడ గుడ్డ లోపల సింతపిక్కెట్టి, పైన దారం సుట్టి, ఆ దారాన్ని తాడుకి ముడేసినాది. కొంగుని పక్కకి తీసి గాజులోంచి దూర్చినాది, అది పువ్వులాగ ఇచ్చుకున్నాది. ఎక్కడా కత్తెర పెట్టలేదు, సూది గుచ్చలేదు. కుట్టించీసుకుంటే పోయీది గదా అంటే, ఇది మళ్ళీ బడికి కట్టుకెళ్ళాలండీ అని నెమ్మదిగా అన్నాది. అప్పుడు పోల్సినాను. ఆ పసుప్పచ్చ పొందూరు కోక నిన్న ఆయమ్మ ఒంటి మీదున్నదే.

గుమ్మంలోంచి పొద్దుటెండ ఆ కోకల మీద పడినాది. గదంతా పసుపునీల్లు జల్లినట్టున్నాది. నా సేతులు సూసుకుంటే అయీ పచ్చగానే ఉన్నాయి. నాను కట్టించిన గదే, ఇటికిటికీ నాకు తెలుసు, అయినా ఎవులింట్లోకో వచ్చినట్టు నిలబడిపోనాను. నా జన్మలో ఇంత అందమైన గది సూల్లేదు. ఉన్న నాలుగు కోకల్తో ఈ గుంట ఇంత పని సేసినాదేటి అని ముక్కున ఏలేసుకున్నాను.

అయినా నా బుద్ధి ఎక్కడికి పోతాది. మంచం పక్క గోడ సూడలేదు గదా. తెర తియ్యబోయి కోక మీద సెయ్యేసినాను. విశాలి గబుక్కున నా సెయ్యి పట్టుకున్నాది.

"తియ్యకండి జగ్గమ్మగారూ. మావయ్యగారు అన్నం తింటున్నారు."

నాకు వెంటనే బుర్రకెక్కలేదు. తర్వాత ఇనబడినాది. కంచం మీద ఏల్లు కదులుతున్న సప్పుడు, మజ్జిగ జుర్రుకుంటున్న సప్పుడు. ఎవులూ తినిపించటం లేదు, కుడిసేత్తో ఆయనే తింటన్నారు. కోక మీంచి సెయ్యి తీసీసినాను. కల్లంట నీల్లొచ్చీసినాయి, సెప్పడానికి నాకేటి సిగ్గు.

సప్పుడు సెయ్యకండా ఎనక్కి తిరిగినాను. తెరెనక నుంచి మాస్టారి గొంతొచ్చినాది. ఈ ఇంట్లో దిగినకాడ్నించీ ఆయన నాతో ఒక్క మాట ఆడలేదు.

"జగ్గమ్మగారేనా? వెళ్ళిపోకండి. లోపలికొచ్చి చూడండమ్మా, తెర ఇటువైపు నుంచి ఇంకా బావుంటుంది."

ఎవులొచ్చినా మొకం దాసుకున్న మనిసి నన్ను రమ్మంటన్నారు. గుమ్మం కాడ, మనుసులు తొంగి సూసే సోటులోనే, కూలబడినాను.

"ముందు మీరు తినండి మాస్టారూ," అన్నాను. "నాను ఇక్కడే కూకుంటాను. మీరు పిలిసినప్పుడొస్తాను."